కిర్రా, కీచా, దడదడా?

పాతకారు వున్నవారు మెకానిక్కు దగ్గరికి వెళ్ళి సాధారణంగా చెప్పే మాట ఒక్కటే: "ఏదో చప్పుడు వస్తోందయ్యా." తెలుగు పాఠాలు చెప్పుకుని బతికే నాబోటివాడికి అది వింటే మనసు చివుక్కుమంటుంది. మన భాషలో తలుపు కిర్రుమంటుంది, గజ్జె ఘల్లుమంటుంది, గుండె దడదడలాడుతుంది. వ్యాకర్తలు వీటిని అనుకరణ శబ్దాలన్నారు. కవికి అవి సొగసు. షెడ్డులో మాత్రం రోగలక్షణాలు.

2014లో తయారీ ఆగిపోయినా, ఇంకా కొన్ని ఇళ్ళముందు తాతగారిలా కూర్చుని వుండే అంబాసిడరునే తీసుకోండి. గతుకుల్లో వెనకనుంచి కిర్రు కిర్రుమన్నదంటే, కమాను పట్టీల చివర రబ్బరు బుష్షులు అరిగి వుంటాయి. చెవికి బాధేగాని ప్రాణానికి కాదు. పొద్దున్నే స్టార్టు చెయ్యగానే కీచుమని అరిచి, కాసేపటికి సద్దుమణిగేది వదులైన ఫాన్‌బెల్టు. నీళ్ళ పంపును తిప్పేదీ అదే గనక, మరీ అశ్రద్ధ చేస్తే నడిరోడ్డున నీళ్ళు మరిగి నిలబడవలసి వస్తుంది.

నిలిపివున్న బండిలో కుట్టుమిషనులా టిక్ టిక్ మనేవి టాపెట్లు. వాల్వుకూ దాన్ని నొక్కే మీటకూ మధ్య సందు పెరిగిందన్నమాట. ఇక్కడొక చిత్రం వున్నది. ఆ సందు బొత్తిగా లేకుండా బిగిస్తే చప్పుడు చస్తుంది, యజమాని సంతోషిస్తాడు. కొన్నాళ్ళకి వాల్వు పూర్తిగా మూసుకోక మాడిపోతుంది. ఆ కాస్త టిక్ టిక్ వుండటమే ఆరోగ్యం.

అసలు చిక్కు గలగలకీ దడదడకీ. పెద్ద గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు, డబ్బాలో గోళీలు పోసి ఆడించినట్టు గలగలమంటే, స్పార్కు వేళకు ముందే పడుతోందని అనుమానించాలి. గేరు తగ్గిస్తే ఊరుకుంటుంది. టైమింగు సరిచేయిస్తే పోతుంది. అదే లోతుగా, బరువుగా దడ్ దడ్ మంటే కనెక్టింగ్ రాడ్డు బేరింగు అరిగిందేమో చూడాలి. అప్పుడిక మైలు కూడా నడపరాదు. ఆ రాడ్డు విరిగితే ఇంజను గోడనే బద్దలు కొట్టుకుని బయటికొస్తుంది.

మా కాలేజీలో లెక్కల మేష్టారొకాయన తల్లినీ, భార్యాపిల్లల్నీ ఎక్కించుకుని శ్రీశైలం బయలుదేరారు. దోర్నాల చేరేసరికి ముందువైపు ఏదో మొదలైంది. బండి పక్కకి ఆపి మెకానిక్కుకు ఫోను చేసి, "గలగలమంటోంది" అన్నారు. "టైమింగై వుంటుంది సార్, మెల్లిగా వెళ్ళిపోండి" అన్నాడతను. వెనక సీట్లోంచి తల్లి అందుకున్నది.

"గలగలేమిట్రా? రోట్లో పిండి దంచినట్టు దడ్ దడ్ మంటూ వస్తేనూ! నా అరికాళ్ళకి తెలుస్తోంది."

ఆ మాట ఫోనులో మెకానిక్కు చెవిన పడింది. "సార్, ఇంజను ఆపెయ్యండి. ఘాట్ రోడ్డు ఎక్కొద్దు!"

నల్లమల మలుపుల్లో, వెనక లారీలు తరుముకొస్తూండగా ఆగిపోతే ఏమయ్యేదో. వాళ్ళు బస్సులో స్వామి దర్శనానికి వెళ్ళారు. కారు తాడు కట్టించుకుని వెనక్కి వచ్చింది. ఇంజను అడుగున ఆయిలు తొట్టి విప్పితే బేరింగు రజను మిలమిలలాడుతున్నదట. ఆవిడ చదివింది ఐదో తరగతి.

ఏ చప్పుడో తేలకపోతే, ఎప్పుడొస్తోందో చూడండి. నిలిపిన బండిలో యాక్సిలరేటరు తొక్కినప్పుడు వస్తే అది ఇంజనువైపుది. ఖాళీ రోడ్డుమీద గేరు న్యూట్రలుకి తెచ్చినా వదలకపోతే చక్రాలవైపుది. తుమ్మెద రొదలాటిది బండి కుడికి తిరిగినప్పుడు హెచ్చితే, ఎడమ చక్రం బేరింగును ముందు చూపించండి. బ్రేకు తొక్కితే ఇనుమును ఇనుము గీరినట్టుంటే, ఆ రోజే షెడ్డుకి వెళ్ళండి. ఇవన్నీ స్టీరింగు పట్టుకున్నవారికి సరిగా వినపడవు. రేడియో కట్టేసి, అద్దాలు దింపి, పొడుగాటి ప్రహరీ గోడ పక్కగా నెమ్మదిగా పోనివ్వండి. చప్పుడు గోడకి తగిలి స్పష్టంగా తిరిగి వస్తుంది. వెనక సీట్లో మాత్రం చెవులు చురుకైనవారిని కూర్చోబెట్టుకోండి.