ద్రాక్షాసవమూ, ధర్మాగ్రహమూ

మా పెళ్ళయి ఇరవై ఐదేళ్ళు నిండిన రోజున నేనూ నా శ్రీమతీ బెంగళూరులో మేముండే వీధి చివరనున్న ఒక చిన్న రెస్టారెంటుకు వెళ్ళి భోంచేశాం. మొత్తం ఎనిమిదే బల్లలు. బల్లకొక కొవ్వొత్తి. గొంతు పెంచి మాట్లాడనక్కరలేనంత ప్రశాంతత. నంది హిల్స్ దిగువన పండిన ద్రాక్షతో చేసిన ఎర్ర వైను చెరొక గ్లాసు తీసుకున్నాం. రెండు గంటలు కబుర్లు చెప్పుకుని, నడిచి ఇంటికి వచ్చాం. జరిగిన నేరం ఇంతే.

మరునాడు మా అమ్మాయి ఆ ఫొటోను బంధువులకు పంపింది. సాయంత్రానికి నాకు వరసకు బాబాయి అయ్యే ఒకాయన ఫోను చేసి, "పెళ్ళాం చేత మందు తాగించడమేమిట్రా? మన సంస్కృతి ఏమైపోవాలి?" అని నిలదీశారు. చుట్టాలిళ్ళ పెళ్ళిళ్ళలో తాళి కట్టే వేళకు ఆ బాబాయి మండపంలో ఉండగా చూసిన జ్ఞాపకం నాకు లేదు. ఆయన విడిదింటి మేడ మీద ఉంటారు. ఎందుకుంటారో కింద పంక్తిలో వడ్డిస్తూ తిరిగే మా పిన్నికి తెలుసు, నాకు తెలుసు, చదువుతున్న మీకూ తెలుసు.

ముందుగా సంస్కృతి సంగతి చూద్దాం. కాళిదాసు కుమారసంభవం ఎనిమిదవ సర్గలో గంధమాదన పర్వతపు వనదేవత మణిపాత్రలో మధువు తెచ్చి ఇస్తే, శివుడు దానిని పార్వతి చేత తాగిస్తాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడికి ఒక అధ్యాయమే ఉంది. ద్రాక్షరసంతో చేసిన మధువు ప్రస్తావన అందులో ఉంది. ఇంతమాత్రం చేత వైను మన తాతల సొత్తని వాదించబోను. పాతదైనంత మాత్రాన ఏదీ మంచిదైపోదు. అయితే సంస్కృతి పేరెత్తి ఎదుటివాడి నోరు మూయించేవారు ఆ సంస్కృతిని కనీసం ఒకసారి తిరగేసి ఉండాలి కదా!

ఇంతకంటె బరువైన ఆక్షేపణ మా అత్తగారిది. ఆవిడది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడినప్పుడు ఆ సెగ వాళ్ళ ఊరికీ తాకింది. సారా ప్యాకెట్లను నడివీధిలో పోసి తగలబెట్టిన ఆడవాళ్ళలో ఆవిడా ఒకరు. ఆ ఉద్యమం ధాటికే 1993లో సారా నిషేధమూ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోవడం వేరే కథ. "మేము పారబోసినదాన్ని మీరు గాజు గ్లాసులో పోసుకున్నారా?" అని ఆవిడ అడిగితే నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. మద్యం ఒంటికి మంచిదని నేనెన్నడూ అనను. కాని వాళ్ళు పోరాడినది దేని మీద? కూలి డబ్బులు దుకాణంలో పోసి, చీకటి పడ్డాక ఇంటికొచ్చి, కంచం విసిరికొట్టి, భార్యను బాదే మగతనం మీద. ఆ మగతనానికి భార్య పక్కన ఎన్నడూ కుర్చీ లేదు. నేను రాస్తున్నది ఆ కుర్చీ గురించే.

మన ఊళ్ళలో "వైన్స్" అని బోర్డు పెట్టిన దుకాణానికి వెళ్ళి వైను అడిగి చూడండి, మిమ్మల్ని వింతగా చూస్తారు. ఆ బోర్డు మీది మాట మగవాళ్ళ గుంపుకు పెట్టుకున్న ముద్దుపేరు మాత్రమే. ఆడవాళ్ళతో వెళితే "ఫ్యామిలీ సెక్షన్" అని తెర కట్టిన గది చూపిస్తారు. ఇది నిన్నమొన్నటి అలవాటూ కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూటింట రూకకు కమ్మని భోజనం దొరుకుతుంది. కాని తినే స్నేహితులిద్దరూ, మంచనశర్మా టిట్టిభసెట్టీ, మగవాళ్ళే. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఉంది, వండి పెట్టడానికి. ఎవరైనా ఆమెకు వడ్డించిన దృశ్యం నాకైతే గుర్తు లేదు.

ఆ రాత్రి రెస్టారెంటులో పళ్ళెం ముందుకు రాగానే నా శ్రీమతి ఒక ముద్ద తిని, "వేడిగా ఉండగా తినడమంటే ఇదన్నమాట" అంది. నిష్ఠూరంగా అనలేదు, నవ్వుతూనే అంది. ఇరవై ఐదేళ్ళుగా మా ఇంట్లో దోసెలు పెనం మీదనుంచి నేరుగా నా కంచంలోకి వస్తున్నాయి. ఆఖరి దోసె, గిన్నె అడుగున మిగిలిన పిండితో పోసుకున్నది, ఆమెది. నేను కవిత్వం చదువుతాను, స్త్రీల గురించి ఆవేశంగా వాదిస్తాను. ఆ దోసె నా కంటికి ఆనలేదు. మా అమ్మ అన్నం తింటుండగా చూసిన సందర్భాలు ఎన్నని అక్కడే లెక్కపెట్టుకున్నాను. ఒక చేతి వేళ్ళు సరిపోయాయి.

కొవ్వొత్తి వెలిగించి, గులాబీ పెట్టి, ప్రేమను ప్యాకేజీగా అమ్మే హోటళ్ళకు నేను వకాల్తా పుచ్చుకోలేదు. ఆ బల్ల మీద వైనుకు బదులు మజ్జిగ ఉన్నా నా వాదం మారదు. ఇద్దరూ ఎదురెదురుగా, ఒకే వేళకు కూర్చోవడమూ, వడ్డించే పని మూడోవారు చూసుకోవడమూ, మధ్యలో ఎవరూ "ఇంకాస్త పప్పు" అని పిలవకపోవడమూ, శృంగారమంటే నాకు తెలిసివచ్చినది ఇదే. బాబాయిగారికి కంటగింపైనది గ్లాసు కాదని నా అనుమానం. గ్లాసు ఆయనకు చిరకాల మిత్రుడు. గ్లాసు ముందు నా భార్య తీరుబడిగా కూర్చుని ఉండటమే ఆయన సహించలేకపోయారు.

ఇప్పుడు మా ఇంట్లో గిన్నెలన్నీ బల్ల మధ్యకు వస్తున్నాయి. దోసెలు వంతులవారీగా పోస్తున్నాం. నావి గుండ్రంగా రావు.

విభేదించేవారు నిరభ్యంతరంగా విభేదించవచ్చు. నాది ఒకటే షరతు. ఈ రాత్రి మీ ఇంట్లో అందరికన్నా ఆఖరున తిన్నది ఎవరో, వారికి కూర మిగిలిందో లేదో చూసివచ్చి, ఆ తరువాత సంస్కృతి గురించి మాట్లాడండి.