పురపాలక ఎన్నికలు – చట్టంలోని లోటు

స్థానిక స్వపరిపాలన ప్రజాస్వామ్యానికి పునాది అని సభలలో తరచు వింటూ ఉంటాము. ఆ పునాది మన ఊళ్లలో ఎంత గట్టిగా ఉన్నదో విచారించడం విద్యార్థుల కర్తవ్యమని మేము భావిస్తున్నాము.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. పురపాలక సంఘాలకు ఐదేండ్ల గడువు, ఆ గడువు తీరకముందే ఎన్నిక, స్త్రీలకు కనీసం మూడవ వంతు స్థానాలు, స్వతంత్ర ఎన్నికల సంఘం ఆ సవరణ ఇచ్చిన వరాలు. కాని ఆచరణ వేరు. 2010లో గడువు తీరిన మన రాష్ట్రపు పురపాలక సంఘాలలో పెక్కింటికి 2014 మార్చి వరకు ఎన్నికలు లేవు. 2019లో మళ్లీ అదే కథ.

2020 డిసెంబరులో ఏలూరులో ఆరువందల మందికి పైగా ప్రజలు మూర్ఛలతో ఆసుపత్రి పాలైనారు. తాగునీరు, పారిశుద్ధ్యం అందరి నోటా చర్చనీయాంశాలైనాయి. వైద్యులు, అధికారులు శ్రమించిన మాట నిజమే. అయినా వార్డు ప్రజలు వెళ్లి నిలదీయడానికి వారు ఎన్నుకొన్న సభ్యుడు ఒక్కడూ పదవిలో లేడు. మన నగరపు మురుగు చివరకు చేరేది కొల్లేటికే గనుక ఈ లోటు లంకగ్రామాల వారికీ సంబంధించినదే.

2021 మార్చి 10న ఏలూరు ఓటు వేసింది. ఓటర్ల జాబితాపై వ్యాజ్యం వల్ల లెక్కింపు జులై 25న గాని జరుగలేదు. తాడేపల్లిగూడెానికి ఆ పోలింగు భాగ్యమూ కలుగలేదు. 2014 ఎన్నికలు ముగిసిన మరునాడు పదునెనిమిదేండ్లు నిండిన అచ్చటి యువకుడు, ఏడేండ్ల తరువాత కూడా తన వార్డు సభ్యుని ఎన్నుకొని ఎరుగడు.

లోపమెక్కడ? చట్టం గడువు విధించింది గాని, గడువు మీరితే ఏమగునో చెప్పలేదు. వార్డుల విభజన, రిజర్వేషన్ల నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయినవి. ఆ పని జాప్యమైతే ఎన్నికల సంఘం చేతులు కట్టుకొని కూర్చోవలసిందే. కనుక ఈ రెండు పనులను ఎన్నికల సంఘానికే అప్పగిస్తూ, ప్రత్యేకాధికారి పాలన ఆరు నెలలు మించరాదని నిర్దేశిస్తూ పార్లమెంటు మరొక సవరణ చేయాలని మా అభిప్రాయం.

స్థానిక పాలన రాష్ట్రాల అంశం గదా అని కొందరు ఆక్షేపించవచ్చు. తేదీ తప్పకుండా ఎన్నిక జరుపుమనడం రాష్ట్రాల అధికారాన్ని హరించడం కాదు, ప్రజల అధికారాన్ని కాపాడడం.

సోదర విద్యార్థులారా! ఇరువది యొక్క ఏండ్లు నిండిన ప్రతివారు పురపాలక సభ్యత్వానికి పోటీ చేయవచ్చునని రాజ్యాంగం అంటున్నది. ఎన్నికే లేనినాడు ఆ హక్కు కాగితం మీది అక్షరమే. ఆ అక్షరానికి ప్రాణం పోయవలసినది మనమే.