అసంభవాల తారతమ్యం

వరదల మీదనో, తుపాను మీదనో పార్లమెంటులో చర్చ వచ్చినప్పుడల్లా మంత్రుల సమాధానంలో ఒక మాట తప్పక దొర్లుతుంది: ‘కనీవినీ ఎరుగని’ వర్షం. ప్రెస్ గ్యాలరీలో కూర్చుని ఈ మాట నేను ఎన్నిమార్లు విన్నానో లెక్కలేదు. పార్టీలు మారాయి, మంత్రులు మారారు, మాట మాత్రం మారలేదు. ఆ మాట పడగానే సభలో సగం వేడి చల్లారుతుంది. జరగరానిది జరిగిందంటే ఇక ఎవరిని తప్పుపట్టగలం? కాని జరగరానివన్నీ ఒక్క తీరువి కావు. అసంభవాలలోనూ తారతమ్యాలున్నాయి. వాటిని విడదీసి చూడనంతవరకు ప్రభుత్వాన్ని నిలదీయడం మన ప్రతినిధులకు సాధ్యం కాదు.

ముందుగా ఢిల్లీ సంగతే చూద్దాం. 2024 మే 29న నగర శివారులోని ముంగేష్‌పూర్ వాతావరణ కేంద్రంలో ఉష్ణోగ్రత 52.9 డిగ్రీలని నమోదైంది. దేశంలో అంతకు ముందున్న రికార్డు 2016లో రాజస్థాన్‌లోని ఫలోడీలో నమోదైన 51 డిగ్రీలు. అదే రోజు ఢిల్లీ ప్రధాన కేంద్రమైన సఫ్దర్‌జంగ్‌లో 46.8 మాత్రమే. ఇక్కడ పోల్చవలసిన అవకాశాలు రెండు: ఊరంతటా లేని వేడి ఒక్కచోటనే పుట్టడం, లేదా పరికరం తప్పు చూపడం. రెండవదే సంభావ్యమని ఎవరికైనా తోస్తుంది. వాతావరణ శాఖ పరీక్షించి, పరికరం 3 డిగ్రీలు ఎక్కువ చూపిందని తేల్చింది.

బొంబాయి కథ ఇందుకు విరుద్ధం. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో 24 గంటలలో 944 మి.మీ. వర్షం కురిసింది. అదే నగరం దక్షిణపు కొసన ఉన్న కొలాబాలో 73 మి.మీ. మాత్రమే. పైచూపుకు ఇదీ పరికరం తప్పేననిపిస్తుంది. కాని విహార్ సరస్సు వద్ద కొలత వెయ్యి మి.మీ. దాటింది, నీట మునిగిన శివారు ప్రాంతాలు అంతకన్నా పెద్ద సాక్ష్యం. ఒక్క కొలాబాలోనే వర్షమాపకం ఉండి ఉంటే ఆ కుంభవృష్టి మన రికార్డులకు ఎక్కేదే కాదు. ‘ఎన్నడూ పడలేదు’ అన్న మాటకు అనేక సందర్భాలలో ‘ఎన్నడూ కొలవలేదు’ అనే అర్థం చెప్పుకోవాలి. పైగా అరుదుతనం అంకెలో లేదు, స్థలంలో ఉంది. 1995 జూన్ 16న ఒక్కరోజులో 1,563 మి.మీ. కురిసిన చిరపుంజికి బొంబాయి అంకె బెదురు పుట్టించదు. మరొక సంగతి: బొంబాయి వాననీటి కాలువలు గంటకు 25 మి.మీ. వానను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. అవి పొంగడానికి 944 మి.మీ. అక్కరలేదు. వర్షం అపూర్వమే, ముంపు మాత్రం అపూర్వం కాదు.

‘వందేళ్ల వరద’ అన్న మాట కూడా ఇటువంటి భ్రమనే కల్పిస్తుంది. ఒకసారి వచ్చిపోయింది కనుక మరో వందేళ్లు నిశ్చింత అని సామాన్యుడు భావిస్తాడు. ఏ సంవత్సరంలోనైనా అది వచ్చే అవకాశం నూటికి ఒకటి అన్నదే దాని అసలు అర్థం. ఆ లెక్కన 50 ఏళ్లు నిలిచే కట్టడం అటువంటి వరదను ఒకసారైనా చూసే అవకాశం దాదాపు 40 శాతం. ఇక దేశంలోని పెద్ద ఆనకట్టలు ఐదువేలకు పైనే. ఒక్కొక్కదానికి వెయ్యేళ్లకొకసారి వచ్చే వరద, దేశం మొత్తం మీద సగటున ఏటా ఐదు ఆనకట్టలకు వస్తుంది. ఆనకట్టకు అసంభవమైనది దేశానికి వార్షికం!

తెలుగువారికి ఇది పుస్తకపు లెక్క కాదు. శ్రీశైలం ఆనకట్టను 19 లక్షల క్యూసెక్కుల వరదను ఉద్దేశించి నిర్మించారు. 2009 అక్టోబరులో 25 లక్షలకు పైగా వచ్చిందని అంచనా. ఆనకట్ట నిలిచింది, కర్నూలు మునిగింది. అది పదివేల ఏళ్లకొకసారి వచ్చే వరద అన్న మాట అప్పుడు మార్మోగింది. కృష్ణకు మనం రాసిపెట్టుకున్న లెక్కలు ఒకటిన్నర శతాబ్దానికి మించవు. వాటినుంచి పదివేల ఏళ్ల భవిష్యత్తు చెప్పడం సాహసమే. 2024 సెప్టెంబరులో విజయవాడ ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహంతో అక్కడి పాత రికార్డు చెరిగిపోయింది. చోటు వేరు, కారణాలు వేరు కావచ్చు. కాని ఒకే నదిపై పదిహేనేళ్లలో రెండు అపూర్వాలంటే ‘అపూర్వం’ అన్న పదాన్నే శంకించవలసి ఉంటుంది.

నిన్నటి లెక్క రేపటికి చెల్లుతుందా అన్నది మరొక ప్రశ్న. 2022 మార్చి, ఏప్రిల్ నెలలలో భారత్, పాకిస్తాన్‌లను పీడించిన వేడిగాలులను పరిశీలించిన ‘వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్’ శాస్త్రజ్ఞులు, మానవుని వల్ల వేడెక్కిన వాతావరణం ఆ సంభావ్యతను 30 రెట్లు పెంచిందని అంచనా కట్టారు. అప్పుడు కూడా అది నూరేళ్లకొకసారి వచ్చేదేనన్నారు. పాచికలే మారినప్పుడు పాత పందెం లెక్కలు పనికిరావు.

ఆకాశం చేసిన పనిని, మనిషి చేయని పనిని ఒకే ఖాతాలో వేయడం మనకు పరిపాటి. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్ఛు-2 ఆనకట్ట తెగి మోర్వీ పట్టణం కొట్టుకుపోయింది. నియమించిన విచారణ సంఘం పని పూర్తికాకుండానే రద్దయింది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు తెగింది. ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని ఆ తరువాత కేంద్రమంత్రి రాజ్యసభలో చెప్పారు. తెరుచుకోని గేటుకు దైవఘటన అని పేరు పెట్టలేము.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం ప్రకారం, ఆ చట్టం పరిధిలోని ప్రతి ఆనకట్టకు ఐదేళ్లలోగా స్వతంత్ర నిపుణులచే మొదటి సమగ్ర పరీక్ష జరగాలి. అందుకు గడువు 2026 డిసెంబరు. కనుక మంత్రి నోట ‘కనీవినీ ఎరుగని’ అన్న మాట వెలువడిన మరుక్షణం సభ్యులు అడగవలసిన అనుబంధ ప్రశ్నలు నాలుగే: ఎన్నేళ్ల రికార్డులో ఎరుగనిది? ఎన్ని కొలతల కేంద్రాలలో? ఈ కట్టడాన్ని ఎంత వరదకు కట్టారు? ఆ లెక్కను మళ్లీ ఎప్పుడు సరిచూశారు? వీటికి జవాబు చెప్పిన మంత్రి ఆకాశాన్ని నిందించవచ్చు. చెప్పలేని మంత్రికి ఆ హక్కు లేదు.