పాతబడిన కాఫీపొడి

పల్లెల్లో చాలా ఇళ్లలో రోజూ కాచేది టీయే. కాఫీపొడి డబ్బా మాత్రం అయ్యగారు గృహదర్శనానికి వచ్చినప్పుడో, ఇంట్లో ప్రార్థన కూటము జరిగినప్పుడో తీస్తాము. అందుచేత ఆ పొడి నెలల తరబడి నిలువ ఉండిపోతుంది.

కాఫీకి సువాసన ఇచ్చే నూనెలు గాలికి ఎగిరిపోయే రకం. పోయినవి తిరిగి రావు. మళ్లీ పెనం మీద వేయిస్తే చేదు పెరుగుతుందే గాని వాసన రాదు. అయినా తాగదగినట్లు చేసుకోవచ్చు. చికోరీ కలిసిన పొడి తేమకు గడ్డ కడుతుంది; బూజు గాని ముక్కవాసన గాని లేకుంటే గడ్డలు చిదిపి వాడండి. బూజు కనిపిస్తే మాత్రం ఆశపడక పెంటకుప్పలో వేయండి.

మూడు చెంచాల పాతపొడికి ఒక చెంచా కొత్తది కలపండి. ఫిల్టరు లేనివారు నీళ్లు మరిగించి దించి, పొడి వేసి, మూతపెట్టి, అయిదు నిమిషాల తర్వాత పలుచని గుడ్డలో వడకట్టాలి. డికాక్షనును మళ్లీ మరిగించవద్దు, వేడి పాలలో కలపండి. నాలుగైదు ఉప్పు రవ్వలు వేస్తే చేదు తగ్గుతుంది. ఏలక్కాయ మీ ఇష్టం.

కొన్ని ఇళ్లలో పాతపొడి కూలివారికి, కొత్తపొడి అయ్యగారికి అని రెండు డబ్బాలుంటాయి. యాకోబు పత్రిక 2వ అధ్యాయము చదివే ఇంట్లో ఇది మాకు నచ్చదు. రెండూ కలిపేస్తే కళ్లం పనికి వచ్చినవారికీ, అయ్యగారికీ ఒకటే కాఫీ.

ఇకమీదట 50 గ్రాముల పొట్లమే కొనండి. పొడి చెంచాతోనే తీయండి. డబ్బాను పొయ్యి పక్కన ఉంచకండి.