ఎండకు ఓడే ఈగ, విషం మోసే కూలి

కూలోళ్ల శీర్షికలో ఈగల కథ ఏందని కొందరు అనుకోవచ్చు. చదివినంక చెప్పండి.

సుల్తానాబాద్ రైసుమిల్లుల హమాలీలకు నూకల్లో గూడు అల్లే పురుగు ఎరుకే. ఆ పురుగు గుడ్లను అట్టకు అంటించి, వాటిలో ట్రైకోగ్రామా అనే కందిరీగ చేత గుడ్లు పెట్టించి రైతుకిస్తరు. దాన్నే ట్రైకోకార్డు అంటరు. ఒక కార్డు మీద 20,000 దాకా గుడ్లుంటయి. ఈ ఈగ మిల్లీమీటరు కూడా ఉండదు, మనిషిని కుట్టదు. పొలంలో మొగిపురుగు గుడ్లు వెతికి, వాటిలో తన గుడ్లు పెడుతుంది. పురుగు పుట్టకముందే చస్తుంది.

"కార్డులు కట్టినం, తెల్లకంకి ఆగలే" అని యాసంగిలో రైతులు నాతోటి అన్నరు. "అవి వట్టి అట్టముక్కలు" అని మందుల దుకాణంల నవ్విన్రు. అట్టముక్కలు కావు. ఎండ సంగతి ఆ రైతులకు ఎవరూ చెప్పలేదు, అంతే.

25 నుంచి 28 డిగ్రీల వేడిలో ఈ ఈగ 8, 10 రోజుల్లో పెరిగి బయటికొస్తుంది. వేడి పెరిగితే ఇంకా తొందరగా వస్తుంది గాని, బతికే దినాలు తగ్గుతయి, పెట్టే గుడ్లు తగ్గుతయి. 35 దాటితే చాలా ఈగలు గుడ్డులోనే చస్తయి. మా దగ్గర యాసంగి వరి ఈనే మార్చి నెలాఖరుకు పగటి వేడి 38, 40 డిగ్రీల దాకా పోతుంది. పక్కనున్న రామగుండం మేలో 45 దాటడం అందరం చూసిందే.

ఇంకో చిత్రం ఉంది. గుడ్డులో పెరిగేటప్పుడే ఎండ దెబ్బ తగిలిన మగ ఈగ బతికి బయటపడ్డా, దాని వీర్యం చెడిపోవచ్చు. దానితో జతకట్టిన ఆడది గుడ్లు పెట్టకుండా ఉండదు. కాని ఫలించని గుడ్డు నుంచి మగదే పుడుతుంది, ఈ జాతి ధర్మమే అంత. అన్నీ మగవే అయితే తర్వాత గుడ్లు పెట్టేదెవరు? సాధారణంగా పంటను తినే పురుగు ఓర్చుకున్నంత వేడిని దాని శత్రువు ఓర్చుకోలేదు. అంటే ఎండలు ముదిరినకొద్దీ పురుగుదే పైచేయి.

అప్పుడు రైతు ఏం చేస్తడు? మందు తెస్తడు. ఆ పంపు వీపున మోసేది ఎవరు? మండే ఎండలో, ముక్కుకు గుడ్డ కూడా లేకుండా, మన కూలోడే. ఆదిలాబాద్ పక్కనే పెన్‌గంగ అవతల యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చచ్చిపోయిన్రు. వాళ్లలో కూలీలు, చిన్న రైతులే ఎక్కువ. అందుకే ఈగ చావు మన సంగతి కూడా.

బెంగుళూరులోని కేంద్ర పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు వేడిని ఓర్చే ట్రైకోగ్రామా రకాన్ని ఎంపిక చేసి పెంచిన్రు. అది మన మండలాలకు రావాలె. కార్డులు రేకుల షెడ్డులో, మోటారు సైకిలు డబ్బాలో ఉడికిపోకుండా మండలానికొక చల్లపెట్టె పెట్టాలె. కార్డును ముక్కలు చేసి, పొద్దు వాలినంక, ఆకు కిందివైపు పిన్ను కొట్టాలె. మధ్యాహ్నం గట్టు మీద పారేసి పోతే దండుగే. ఈ పని వారం వారం చేయాలె, ఒక్కసారితో తెగదు. పొద్దుగూకే యాళ్ల ఆ పని చేసేది మన ఆడకూలీలే. దాన్ని "దారిన పోతూ చేసే పని" అనకుండా వేరే కూలి కట్టి ఇయ్యాలె. ఈ యాసంగి నాట్లకు ముందే ఊరూరా కూలి మాట్లాడేటప్పుడు దీన్ని కూడా లెక్కలో పెట్టించుకుందాం.