సింహం బొమ్మ ఉన్న పర్సు

"బ్రో, జపాన్‌లో వస్తువు పోతే వెనక్కి దొరుకుతుందట కదా, నిజమేనా?" ఈ కాలమ్ మొదలుపెట్టినప్పటి నుంచి నాకు ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఇదే. రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. కేఫ్‌లో టేబుల్ మీద ల్యాప్‌టాప్ వదిలేసి ఒకడు వాష్‌రూమ్‌కి వెళ్తాడు, పది నిమిషాల తర్వాత వచ్చి చూస్తే అది అక్కడే ఉంటుంది. నేను కూడా వాటికి లైక్ కొట్టినవాణ్నే. కానీ సొంత పర్సు పోయినప్పుడు ఆ రీల్స్ ఒక్కటీ గుర్తుకు రాలేదు.

మొన్న ఫిబ్రవరి, గురువారం రాత్రి. నేనుండేది టోక్యోలో నిషికసాయ్ అనే ఏరియా. 1990ల చివర్లో వైటూకే పని కోసం వచ్చిన మన దేశపు ఇంజనీర్లు ఇక్కడ సెటిలవడంతో దీనికి లిటిల్ ఇండియా అని పేరొచ్చింది. ఇడ్లీ పిండి, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. ఆఫీసు నుంచి వస్తూ స్టేషన్ బయట వెండింగ్ మెషీన్‌లో వేడి కాఫీ డబ్బా కొన్నాను. ఇక్కడ చలికాలం ఒకే మెషీన్‌లో నీలం లేబుల్ కింద చల్లనివి, ఎర్ర లేబుల్ కింద వేడివి ఉంటాయి. ఆ వేడి డబ్బాని రెండు చేతులతో పట్టుకుని నడుస్తుంటే ఆ సుఖమే వేరు. ఆ సుఖంలోనే పర్సు ఎక్కడో జారిపోయింది.

ఇంటి తలుపు దగ్గర జేబు తడుముకున్నాక గానీ తెలియలేదు. పర్సులో 60 వేల యెన్‌లు, రెండు బ్యాంకు కార్డులు ఉన్నాయి. వాటి సంగతి వదిలేయండి. రెసిడెన్స్ కార్డు కూడా అందులోనే ఉంది. ఇక్కడ ఉండే విదేశీయులు ఆ కార్డుని ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి, లేకపోతే 2 లక్షల యెన్‌ల వరకు ఫైన్ వేయొచ్చు. పోతే 14 రోజుల్లోపు ఇమిగ్రేషన్‌లో కొత్తదానికి అప్లై చేయాలి. దేశం దాటి మళ్లీ రావాలంటే పాస్‌పోర్ట్‌తో పాటు అది చూపించాలి. నాకు శనివారం పొద్దున్నే ఫ్లైట్. ఆదివారం రాత్రి మిర్యాలగూడలో మా చెల్లె పెళ్లి. మధ్యలో ఉన్నది ఒక్క శుక్రవారం. అదే రోజు మా టీమ్‌కి రిలీజ్ డే. అంతా ఒకేసారి.

మెషీన్ దాకా పరుగెత్తాను. చెట్ల కింద ఫోన్ టార్చ్ వేసి వెతికాను. లేదు. అక్కణ్నుంచి స్టేషన్ పక్కనున్న కోబన్‌కి వెళ్లాను.

కోబన్ అంటే చిన్న పోలీస్ పోస్టు. ఒక గది, ఒక టేబుల్, గోడకి ఏరియా మ్యాపు, ఒకరిద్దరు పోలీసులు. 1874లో టోక్యోలో మొదలైన పద్ధతి ఇది, ఇప్పుడు దేశమంతా కలిపి 6 వేలకు పైగా ఉన్నాయి. దారి తెలియకపోయినా, తాగి ట్రైన్ మిస్సయినా, పిల్లాడికి రోడ్డు మీద పది యెన్‌ల బిళ్ల దొరికినా అందరూ వెళ్లేది అక్కడికే.

లోపల యాభై ఏళ్ల ఆఫీసర్ గారు కూర్చోబెట్టి ఫారం తీశారు. పర్సు రంగు? బ్రౌన్. జిప్పా, బటనా? నోట్లు ఎన్ని, ఏవేవి? బిళ్లలు ఎన్ని? ఈ బిళ్లల దగ్గర నేను ఫెయిల్. "ఇంకేమైనా ఉన్నాయా, మీకు మాత్రమే తెలిసేవి?" అనడిగారు. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ పెట్టిన యాదగిరిగుట్ట నరసింహస్వామి ఫొటో. నా వచ్చీరాని జపనీస్‌లో దాన్నెలా చెప్పాలి? "దేవుడు... ముఖం సింహం" అన్నాను. ఆయన ఒక్క క్షణం నావైపు చూసి, నవ్వకుండా, ఫారంలో "సింహం ఫొటో, 1" అని రాసుకున్నారు. రిసీట్ నంబర్ ఇచ్చారు. రెసిడెన్స్ కార్డు మళ్లీ తీసుకోవాలన్నా ఆ నంబరే కావాలి.

ఇంటికొచ్చి కార్డులు బ్లాక్ చేసి అమ్మకి ఫోన్ చేశాను. "పైసలు పోతే పోయినయ్ గానీ, నువ్వు రాకుంటే చెల్లె పీటల మీద ఏడుస్తది రా" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చదవడం మొదలుపెట్టాను.

చదివాక అర్థమైంది ఏంటంటే, మనం "జపనీయులు నిజాయితీపరులు" అని ఒక్క ముక్కలో తేల్చేసే విషయం వెనక పెద్ద సిస్టమ్ డిజైనే ఉంది. పోయిన వస్తువుల మీద ఇక్కడ 1899లోనే ఒక చట్టం తెచ్చారు. దాన్ని తిరగరాసిన కొత్త చట్టం 2007 డిసెంబర్ నుంచి నడుస్తోంది. దొరికిన వస్తువుని ఏడు రోజుల్లోపు అప్పగిస్తే, యజమాని దాని విలువలో 5 నుంచి 20 శాతం దాకా ఇవ్వాలి. మూడు నెలల్లో ఎవరూ రాకపోతే అది దొరికినవాళ్లదే. ఫోన్లు, కార్డుల్లాంటి వ్యక్తిగత సమాచారం ఉన్నవి మాత్రం ఇవ్వరు. అంటే మంచితనానికి ఒక ఫారం, ఒక డెడ్‌లైన్, ఒక ఇన్సెంటివ్ పెట్టేశారు. పైగా అప్పగించాల్సిన చోటు నడక దూరంలో ఉంటుంది. మన దగ్గర దొరికిన పర్సు పట్టుకుని స్టేషన్ మెట్లెక్కాలంటే ఎంతమంది భయపడతారో మీకు తెలుసు. "నీకెట్ల దొరికింది?" అన్న మొదటి ప్రశ్నకే సగం మంది వెనక్కి తిరుగుతారు.

పాత చట్టంలో గడువు ఆరు నెలలు. 1980 ఏప్రిల్‌లో టోక్యోలోని గింజా రోడ్డు పక్కన ఒక ట్రక్కు డ్రైవరుకి 10 కోట్ల యెన్‌లున్న మూట దొరికింది. పోలీసులకిచ్చాడు. ఆరు నెలలైనా ఎవరూ రాలేదు, డబ్బు అతనికే వచ్చింది. మధ్యలో బెదిరింపు ఫోన్లకి బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకుని తిరిగాడు పాపం. 2011 సునామీ తర్వాతయితే కొట్టుకొచ్చిన ఇనప్పెట్టెలు వేల సంఖ్యలో పోలీసుల దగ్గరికి చేరాయి.

అలాగని అందరూ దేవుళ్లేం కాదు. ఇక్కడ సైకిళ్లు బాగా పోతాయి, అందుకే ప్రతి సైకిల్‌కీ రిజిస్ట్రేషన్ స్టిక్కర్ ఉండాలి. షాపు బయట స్టాండులో పెట్టిన పారదర్శకం ప్లాస్టిక్ గొడుగు సంగతైతే చెప్పనక్కర్లేదు, నావి రెండు పోయాయి. పర్సు ముట్టుకోనివాళ్లే గొడుగు దగ్గర ఎందుకు మారిపోతారో నాకిప్పటికీ అర్థం కాదు. పోయిన గొడుగుని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కూడా చాలా తక్కువే లెండి.

శుక్రవారం పొద్దున మా మేనేజర్‌కి విషయం చెప్పాను. ఆయన జపనీయుడు, రిలీజ్ అంటే ప్రాణం పెడతాడు. "వెళ్లండి, మేం చూసుకుంటాం" అన్నాడు. ఇమిగ్రేషన్ క్యూలో నిలబడదామని బయల్దేరాను. ట్రైన్‌లో ఉండగా తెలియని నంబర్ నుంచి ఫోన్. ఇక్కడ ట్రైన్‌లో ఫోన్ మాట్లాడరు. తర్వాతి స్టేషన్‌లో దిగి తిరిగి చేశాను.

"పోలీస్ స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాం. సింహం ఫొటో మీదేనా?"

ప్లాట్‌ఫాం మీద నేను ఎంత గట్టిగా "హాయ్" అన్నానంటే పక్కన ముసలాయన ఉలిక్కిపడ్డాడు. జపనీస్‌లో హాయ్ అంటే అవును అని.

వస్తువులు వెనక్కిచ్చే కౌంటర్ వారం దినాల్లోనే, సాయంత్రం ఐదుంపావు వరకే. పాస్‌పోర్ట్ చూపించి సంతకం పెట్టాను. 60 వేలూ నా ముందే లెక్కపెట్టారు. స్వామి ఫొటో కూడా ఉంది. పక్క స్టేషన్ దగ్గరి కోబన్‌లో రాత్రే ఎవరో ఇచ్చి వెళ్లారట.

"ఎవరు? థ్యాంక్స్ చెప్పాలి. ఎంతివ్వాలి?"

ఆమె ఫారం చూసి చెప్పింది. "హక్కులన్నీ వదులుకున్నారు. పేరు చెప్పడానికి కూడా ఒప్పుకోలేదు."

పెళ్లికి వెళ్లాను. అప్పగింతలప్పుడు చెల్లె కన్నా నేనే ఎక్కువ ఏడ్చానని ఇంట్లో ఇప్పటికీ ఏడిపిస్తారు. మర్నాడు అమ్మ అడిగింది, "పర్సు ఇచ్చినోళ్లకు ఏమన్న పెట్టినవా రా?" ఎవరో తెలియదన్నాను. "అట్లెట్ల తెల్వదు?" అంటూ తిరుగు ప్రయాణానికి ఇంకో డబ్బా సకినాలు కట్టింది. ఒకటి కోబన్‌లో ఇచ్చాను. తీసుకోకూడదని రెండు చేతులతో వెనక్కిచ్చి, ఐదుసార్లు వంగి దండం పెట్టారు.

పోయిన నెల స్టేషన్ మెట్ల మీద నాకే ఒక చిల్లర పర్సు దొరికింది, గులాబీ రంగుది, చిన్నపిల్లది అయ్యుంటుంది. చేతిలో అప్పుడే కొన్న వేడి కాఫీ డబ్బా ఉంది. కోబన్‌కి వెళ్లాను. ఆఫీసర్ గారు బిళ్లలన్నీ టేబుల్ మీద వరసగా పేర్చి లెక్కపెట్టారు. 340 యెన్‌లు. ఎక్కడ దొరికింది, ఏ టైముకి, ఏ మెట్టు మీద? నా పేరు, అడ్రసు, ఫోన్. ఆ తర్వాత చాలా సీరియస్‌గా అడిగారు, యజమాని వస్తే బహుమతి కావాలా అని. లెక్క వేస్తే 17 నుంచి 68 యెన్‌లు. మూడు నెలల్లో రాకపోతే పర్సు మీకు కావాలా? మీ పేరు యజమానికి చెప్పొచ్చా?

మూడింటికీ వద్దనే చెప్పి సంతకం పెట్టాను. బయటికొచ్చేసరికి ఇరవై నిమిషాలైంది. కాఫీ చల్లారిపోయింది.