పన్ను కన్నా మాటే బరువు

పన్నులు పెంచితే ప్రజలు ఆగ్రహించడం సహజం. పెంచబోమని మాటిచ్చి గెలిచినవారే పెంచితే ఆ ఆగ్రహం రెట్టింపవుతుంది. అమెరికాలో సీనియర్ బుష్ ఉదంతమే ఇందుకు నిదర్శనం. కొత్త పన్నులు ఉండవని 1988 ఆగస్టులో న్యూఆర్లియన్స్‌లో జరిగిన రిపబ్లికన్ పార్టీ మహాసభలో ఆయన ఘంటాపథంగా ప్రకటించారు. అధ్యక్షుడయ్యాక బడ్జెట్ లోటు తరుముకొచ్చింది. ఉభయసభల్లోనూ ఆధిక్యం డెమొక్రాట్లదే కావడంతో రాజీ తప్పలేదు. పన్ను రాబడి పెంచాల్సిందేనని 1990 జూన్‌లో ఓ చిన్న లిఖితపూర్వక ప్రకటనతో అంగీకరించారు. ఆ ఏడాదే గరిష్ఠ ఆదాయపు పన్ను రేటును 28 నుంచి 31 శాతానికి పెంచారు. పెట్రోలుపై గ్యాలనుకు 5 సెంట్లు వడ్డించారు.

స్వపక్షంలోని సంప్రదాయవాదులే తొలుత తిరగబడ్డారు. 1992 ఫిబ్రవరిలో న్యూహ్యాంప్‌షైర్ ప్రాథమిక ఎన్నికలో పాట్ బుకానన్ 37 శాతం ఓట్లు చీల్చారు. నవంబరులో దేశవ్యాప్తంగా బుష్‌కు దక్కిందీ సుమారు 37 శాతమే. ఆర్థిక మందగమనం, రాస్ పెరో పోటీ కూడా ఆయనను దెబ్బతీశాయి.

1990 ఒప్పందంలోని వ్యయ నియంత్రణ నిబంధనలు ఆ తర్వాత లోటు తగ్గడానికి తోడ్పడ్డాయి. 1998 నాటికి బడ్జెట్ మిగులులోకి వచ్చింది. అయినా ఓటరు ఖజానా లెక్క చూడలేదు. నిండు సభలో ఇచ్చిన మాటను నాలుగు వాక్యాల కాగితంతో వెనక్కి తీసుకోవడాన్నే గుర్తుంచుకున్నాడు.